ప్రీమియం వయసు అడగదు.. క్లెయిమ్ అడుగుతుంది!

ఆదివారం పొద్దున ఆరున్నర. మెట్టుగూడ మెట్రో స్టేషన్ కింద టీ తాగుతూ నిల్చున్నా. రైల్వే క్వార్టర్స్ వైపు నుంచి తెల్ల స్విఫ్ట్ ఒకటి మెల్లగా వచ్చి, మెట్రో పిల్లర్ పక్కన ఆగింది. అద్దం దించి ‘అన్నా!’ అని చెయ్యి ఊపింది ఎవరో కాదు, మా పిన్ని కొడుకు. ఇంట్లో అందరం చిన్నోడు అంటాం. ఇంటర్ సెకండియర్. అప్పటికి వాడి వయసు పదిహేడేళ్ల ఎనిమిది నెలలు.

‘‘నాన్నకు తెలుసా?’’ అనడిగా.

‘‘నాన్నే పంపిండు అన్నా. పాల ప్యాకెట్లు తెమ్మని.’’

‘‘లైసెన్స్ లేదు కదరా?’’

‘‘ఇన్సూరెన్స్ ఉంది గదా. ఫుల్ ఇన్సూరెన్స్. ఇంకేం టెన్షన్?’’

వాణ్ని పక్క సీట్లోకి జరగమని, బండి నేనే నడుపుకుంటూ ఇంటికి తీసుకెళ్లా. బాబాయ్ కూడా సరిగ్గా అదే మాట అన్నాడు. ‘‘ఏం కాదులేరా. క్వార్టర్స్ చుట్టూనే కదా తిరిగేది. పొద్దున్నే రోడ్లన్నీ ఖాళీ. పైగా ఇన్సూరెన్స్ మొన్ననే ఫుల్ చేయించా.’’

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. పాలసీ నిజంగానే ఉంది. డబ్బు నిజంగానే కట్టారు. కానీ ఆ పాలసీ చిన్నోడు స్టీరింగ్ పట్టుకున్న ఆ పది నిమిషాలకు పనికిరాదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే, ఆ రోజు సాయంత్రం దాకా నాకూ పూర్తిగా తెలియదు. టీనేజ్ డ్రైవర్ ఉన్న ఇంటికి కారు ఇన్సూరెన్స్ అసలు ఖరీదు ఎంత? ఆ లెక్క తేల్చడానికి బాబాయ్ ఫోన్‌లో ఉన్న పాలసీ పీడీఎఫ్ తెరిచి కూర్చున్నాం.

రోజుకు 11 రూపాయలు

మా వీధిలోనే ఉండే ఇన్సూరెన్స్ ఏజెంట్ అన్నను పిలిచాం. మొదట అడిగిన ప్రశ్న ఇదే. ‘‘అన్నా, మావాడికి 18 నిండినాక కారు వాడే నడుపుతాడు. ప్రీమియం ఎంత పెరుగుతుంది?’’

ఆయన నవ్వాడు. ‘‘ఒక్క రూపాయి పెరగదు. కంపెనీ మీ కారును చూస్తది. ఇంట్లో ఎవరు నడుపుతరు, వయసెంత అని మామూలుగా అడగనే అడగదు.’’

మన దగ్గర కారు ఇన్సూరెన్స్ రెండు ముక్కలు. ఒకటి థర్డ్ పార్టీ. మన బండి వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి ఇది. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. రెండోది ఓన్ డ్యామేజ్. అంటే మన బండికే దెబ్బ తగిలితే, దొంగతనం జరిగితే, వరదలో మునిగితే పనికొచ్చేది. ఈ రెండూ కలిపిందాన్నే మనవాళ్లు ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అంటారు.

థర్డ్ పార్టీ రేటు కంపెనీ ఇష్టం కాదు, ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం, 1,000 సీసీ లోపు కారుకు ఏడాదికి రూ.2,094. 1,000 నుంచి 1,500 సీసీ వరకు రూ.3,416. 1,500 సీసీ దాటితే రూ.7,897. దీనిపై 18 శాతం జీఎస్టీ. బాబాయ్ స్విఫ్ట్ 1,197 సీసీ కాబట్టి మధ్య వరుసలోకి వస్తుంది. జీఎస్టీతో కలిపి దాదాపు రూ.4,031. అంటే రోజుకు 11 రూపాయలు. ఇరానీ చాయ్ కంటే చవక! మీరు రెన్యూవల్ చేసే రోజుకు రేటు మారిందేమో మాత్రం ఒకసారి చూసుకోండి.

ఓన్ డ్యామేజ్ రేటు 2007 నుంచి కంపెనీల చేతిలోకి వెళ్లింది. అయినా అవి ప్రధానంగా చూసేది బండి ప్రస్తుత విలువ (ఐడీవీ అంటారు), ఇంజిన్ సైజు, బండి ఎన్నేళ్లది, ఏ ఊళ్లో రిజిస్టర్ అయింది అనే. హైదరాబాద్ పెద్ద నగరాల ‘ఎ’ జోన్‌లో ఉంది కాబట్టి ఇక్కడ జిల్లాల కంటే కాస్త ఎక్కువ.

ఈ మొత్తం లెక్కలో డ్రైవర్ వయసు అన్న గడి లేదు. 50 ఏళ్ల బాబాయ్ నడిపినా, 18 ఏళ్ల చిన్నోడు నడిపినా బిల్లు ఒక్కటే.

డాలస్ అక్క బాధ వేరు

ఈ మాట డాలస్‌లో ఉండే మా అక్కకు చెబితే నమ్మలేదు. వాళ్లబ్బాయికి 16 నిండాయి. టెక్సస్‌లో 15 ఏళ్లకే లెర్నర్ పర్మిట్ ఇస్తారు. దాంతో ఆరు నెలలు నేర్చుకుని, 16 నిండితే ప్రొవిజనల్ లైసెన్స్. అది చేతికి రాగానే కొడుకు పేరు ఇంటి పాలసీలో చేర్చారు. ‘‘రెండో కారు కొన్నామా అన్నట్టు వచ్చిందిరా బిల్లు’’ అంది.

అక్కడ కంపెనీలు కారుతో పాటు మనిషినీ చూస్తాయి. వయసెంత, లైసెన్స్ వచ్చి ఎన్నేళ్లయింది, ఇంతకుముందు గుద్దాడా, ఎన్ని టికెట్లు పడ్డాయి.. అన్నీ అడుగుతాయి. ఆఖరికి మార్కులు కూడా! స్కూల్లో సగటున ‘బి’ గ్రేడ్ పైన ఉంటే ‘గుడ్ స్టూడెంట్ డిస్కౌంట్’ ఇచ్చే కంపెనీలు చాలానే ఉన్నాయి. మార్కుల షీట్ చూపించి కారు ఇన్సూరెన్స్ తగ్గించుకోవడం మనవాళ్లకు వింతే. అక్క మాత్రం కొడుకు రిపోర్ట్ కార్డ్ ఏజెంట్‌కు మెయిల్ చేసింది.

వాళ్లకు కుర్రాళ్ల మీద కోపమేం లేదు, లెక్కే అలా చెబుతోంది. 16-19 ఏళ్ల డ్రైవర్లు మైలుకు లెక్కేస్తే ప్రాణాంతక ప్రమాదాల్లో చిక్కుకునే అవకాశం 20 ఏళ్లు దాటినవాళ్ల కంటే దాదాపు మూడు రెట్లని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. అందుకే టెక్సస్‌లో 18 నిండని పిల్లలు అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారు 5 దాకా అవసరం లేకుండా నడపకూడదు. ఇంట్లోవాళ్లు కాని, 21 ఏళ్లలోపు ఫ్రెండ్స్‌ను ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు.

అయితే అన్ని రాష్ట్రాలూ ఒకేలా లేవు. హవాయిలో వయసును బట్టి రేటు వేయడం నిషేధం. కాలిఫోర్నియాలో 2019 నుంచి అమ్మాయికో రేటు, అబ్బాయికో రేటు వేయకూడదు. ‘ఎవడో గుద్దితే నా మీద ఎందుకు వేస్తారు’ అని జాగ్రత్తగా నడిపే కుర్రాడు అడిగే ప్రశ్నలోనూ న్యాయం ఉంది మరి.

కానీ ఆ పెద్ద బిల్లు ఒక పని చేస్తుంది. తాళాలు ఇచ్చే ముందే తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి ఆలోచింపజేస్తుంది. మన దగ్గర ఆ ముందస్తు గంట మోగదు. బిల్లు తక్కువే కాబట్టి ‘ఏం కాదులే’ అనిపిస్తుంది.

పాలసీలో ఆ ఒక్క పేరా

ఏజెంట్ అన్న ఫోన్‌లో పీడీఎఫ్‌ను కిందికి జరిపి ఒక చోట ఆగాడు. ‘‘ఇగో, ఇది చదువుండ్రి. ఎవ్వరూ చదవరు దీన్ని.’’

‘డ్రైవర్స్ క్లాజ్’ అని ఉంది. సారాంశం ఏంటంటే, ప్రమాదం జరిగిన సమయంలో బండి నడిపేవాళ్లకు చెల్లుబాటయ్యే డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలి. లెర్నర్ లైసెన్స్ ఉన్నా ఫర్వాలేదు. కానీ కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని రూల్ 3 పాటించాలి. అంటే బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ‘ఎల్’ అక్షరం ఉండాలి. లైసెన్స్ ఉన్న మనిషి, నేర్పించేవాళ్లుగా, అవసరమైతే బండిని ఆపగలిగేలా పక్కన కూర్చోవాలి.

కారుకు లెర్నర్ లైసెన్స్ కావాలన్నా 18 నిండాల్సిందే. అంటే చిన్నోడికి ఆ రోజు ఏ దారీ లేదు. క్వార్టర్స్ లోపలా, మెయిన్ రోడ్డా, ఆదివారమా, సోమవారమా అని పాలసీ చూడదు.

‘‘పార్టీలు నా దగ్గరికి వచ్చి ఏమంటరో తెలుసా? ‘అన్నా, నేనే నడిపిన అని రాయి’ అంటరు’’ అన్నాడు ఏజెంట్ అన్న. ‘‘అసలు అట్ల రాయించొద్దు. ప్రతి గల్లీల సీసీ కెమెరా ఉంది. అబద్ధం చెప్పినట్టు తేలితే క్లెయిమ్ పోతది, పైన కేసు.’’

43 లక్షల లెక్క

సరే, బండికి గీత పడితే మన జేబులోంచి బాగు చేయించుకుంటాం. పదివేలో, పాతికవేలో. అసలు భయపడాల్సింది అది కాదు.

ఒక లెక్క వేద్దాం. ఇది ఎవరి కథా కాదు, లెక్క కోసం ఊహించింది. చిలకలగూడ చౌరస్తాలో ఆటో నడుపుకునే 28 ఏళ్ల మనిషి. నెలకు 20 వేలు సంపాదన. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. లైసెన్స్ లేని కుర్రాడి కారు తగిలి ఆయన చనిపోయాడు, తప్పు కుర్రాడిదేనని తేలింది అనుకుందాం.

ఇలాంటి కేసుల్లో పరిహారం ఎలా కట్టాలో సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల్లో సూత్రం చెప్పింది. ఏడాది సంపాదన రూ.2,40,000. చనిపోయిన వ్యక్తి 40 ఏళ్లలోపు, సొంతంగా సంపాదించుకునేవాడు కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. రూ.3,36,000 అయింది. ఆయన మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలింది రూ.2,52,000. 26-30 ఏళ్ల వయసుకు దాన్ని 17తో గుణిస్తారు. రూ.42,84,000. అంత్యక్రియల ఖర్చు వంటివి కలిపితే 43 లక్షలు దాటుతుంది. పైన వడ్డీ వేరు.

లైసెన్స్ ఉన్నవాళ్లు నడిపి ఉంటే ఈ డబ్బంతా ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. ప్రాణ నష్టానికి థర్డ్ పార్టీలో పైపరిమితి లేదు. రోజుకు 11 రూపాయలతో మనం కొనుక్కునేది ఈ భరోసానే.

లైసెన్స్ లేనివాళ్లు నడిపితే? ఆటో డ్రైవర్ కుటుంబం వీధిన పడకూడదు కాబట్టి, చాలా కేసుల్లో కోర్టులు ‘ముందు కంపెనీ కట్టాలి, తర్వాత బండి ఓనర్ నుంచి వసూలు చేసుకోవాలి’ అంటాయి. చట్టం భాషలో దీన్ని ‘పే అండ్ రికవర్’ అంటారు. అంటే 43 లక్షలూ చివరికి బాబాయ్ నెత్తి మీదే. బండి ఆయన పేరు మీదే ఉంది మరి. కట్టలేకపోతే ఆస్తి జప్తు దాకా వెళ్లొచ్చు.

‘నాకు తెలియకుండా తీసుకెళ్లాడు’ అంటే సరిపోతుందా? 2011లో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. మైనర్ కుర్రాడు ఓనర్‌కు చెప్పకుండా బైకు తాళాలు తీసుకెళ్లాడన్నది వాదన. బండి దుర్వినియోగం కాకుండా చూసుకోవాల్సింది ఓనరేనని కోర్టు చెప్పింది. కంపెనీ కట్టిన డబ్బు ఆయన నుంచి రాబట్టుకోవచ్చన్న తీర్పు నిలబడింది.

ఈ లెక్క విన్నాక బాబాయ్ కాసేపు ఏం మాట్లాడలేదు. రిటైర్మెంట్‌కు ఇంకా కొన్నేళ్లే ఉంది. ఉన్నది తార్నాక అవతల కట్టుకున్న ఒక్క ఇల్లు.

అదీ ఆదివారం పొద్దునే

2022 జనవరి 30. అదీ ఆదివారమే, అదీ పొద్దునే. కరీంనగర్‌లో మైనర్ కుర్రాడు నడుపుతున్న కారు అదుపు తప్పి, రోడ్డు పక్కన ఉన్నవాళ్ల మీదికి దూసుకెళ్లింది. నలుగురు మహిళలు చనిపోయారు. కారు ఇచ్చిన తండ్రినీ పోలీసులు అరెస్టు చేశారు. రోడ్లు ఖాళీగా ఉండే టైమే అది. రోడ్డు పక్కన బతికేవాళ్లు మాత్రం అప్పటికే లేచి పనిలో ఉంటారు.

2024 మే 19న పుణెలో 17 ఏళ్ల కుర్రాడు నడుపుతున్న పోర్షే కారు ఢీకొని బైక్ మీద వెళ్తున్న ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. 300 పదాల వ్యాసం రాయమంటూ మొదట ఇచ్చిన బెయిల్ మీద దేశమంతా మండిపడింది. నేరం తన మీద వేసుకోమని ఇంటి డ్రైవర్ మీద ఒత్తిడి తెచ్చారన్న ఆరోపణలతో కుటుంబ సభ్యులూ అరెస్టయ్యారు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 66.5 శాతం మంది 18-45 ఏళ్ల వాళ్లే. అంటే ఇది చదువుతున్న మన వయసువాళ్లే.

25 ఏళ్ల దాకా లైసెన్స్ ఉండదు

2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 199ఏ అనే సెక్షన్ వచ్చింది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే, తల్లిదండ్రులు లేదా బండి ఓనర్‌నే దోషిగా భావిస్తారు. మూడేళ్ల దాకా జైలు, రూ.25,000 జరిమానా. తనకు తెలియకుండా జరిగిందని, లేదా ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని రుజువు చేసుకుంటే తప్ప తప్పించుకోలేరు. ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు.

ఇక కుర్రాడి సంగతి. 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్ ఇవ్వరు. లెర్నర్ కూడా ఇవ్వరు. చిన్నోడు పాలసీ చదువుతున్నంతసేపూ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు కానీ, ఈ ముక్క వినగానే తలెత్తాడు. ‘‘అంటే డిగ్రీ అయిపోయి, జాబ్ వచ్చినాక కూడానా?’’

‘‘అవును. ఫ్రెండ్స్ అందరూ లాంగ్ డ్రైవ్‌కు పోతుంటే నువ్వు వెనక సీట్లో’’ అన్నా.

నాలుగు నెలల ఓపికకు, ఏడేళ్ల నిరీక్షణకు తేడా వాడికి నా లెక్కలన్నిటి కంటే అదే బాగా అర్థమైంది.

మరి స్కూటీ సంగతి?

నిజానికి మెట్టుగూడ, సీతాఫల్‌మండి, అడ్డగుట్ట సందుల్లో కార్ల కంటే ఇంటర్ పిల్లల చేతుల్లో కనిపించేవి స్కూటర్లే. ‘16 ఏళ్లకే లైసెన్స్ ఇస్తారు కదా’ అనే మాట చాలామంది నోట వింటాం. అది సగం నిజం. 16 ఏళ్లకు ఇచ్చేది 50 సీసీ మించని బండికే. ఇప్పుడు షోరూముల్లో కనిపించే పెట్రోల్ స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ పైనే. ఆ లైసెన్స్‌తో వాటిని నడిపితే లైసెన్స్ లేనట్టే లెక్క.

16-17 ఏళ్ల వాళ్లకు చట్టబద్ధమైన దారి ఇంకొకటుంది. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారు ఉండే ఎలక్ట్రిక్ స్కూటర్లకు లైసెన్స్, రిజిస్ట్రేషన్ అవసరం లేదు. కాలేజీకి, ట్యూషన్‌కు అది చాలు. కానీ మెకానిక్‌తో స్పీడ్ పెంచే సెట్టింగ్ మార్పించుకుంటే ఆ మినహాయింపు పోయినట్టే. హెల్మెట్ మాత్రం ఏ బండికైనా పెట్టుకోండి.

18 నిండాయి, లైసెన్స్ వచ్చింది. ఇప్పుడేంటి?

ఇక్కడ శుభవార్త. లైసెన్స్ వచ్చిన రోజు నుంచి నాన్న కారును నాన్న పాలసీ మీదే నడపొచ్చు. పేరు చేర్పించక్కర్లేదు, అదనంగా కట్టక్కర్లేదు. ప్రపంచంలో చాలా చోట్ల కుర్రాళ్లకు లేని సౌకర్యం ఇది. కానీ ఈ కింది నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి: పాలసీలో ఉండే రూ.15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్-డ్రైవర్‌ది. అంటే నాన్నది, మీది కాదు. నాన్న కారు మీరు నడుపుతూ డివైడర్‌ను గుద్ది మీకే దెబ్బలు తగిలితే, థర్డ్ పార్టీ కింద మీకు పరిహారం రాదు. బండి అడిగి తీసుకున్నవాళ్లు ఓనర్ స్థానంలో ఉన్నట్టేనని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మీ పేరు మీద విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి.

రెండు: కొత్తగా నడిపేవాళ్లు బంపర్లు గీకించడం మామూలే. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి సగమే ఇస్తారు. బంపర్ ప్లాస్టిక్‌దే కదా. ‘జీరో డెప్’ యాడ్ ఆన్ ఉంటే బంపర్ మీద ఆ కోత ఉండదు. ఇంట్లో కొత్త డ్రైవర్ ఉన్న మొదటి రెండేళ్లు దానికి పెట్టే డబ్బు దండగ కాదు.

మూడు: ప్రతి గీతకూ క్లెయిమ్ పెట్టకండి. ఏడాది పాటు క్లెయిమ్ లేకుంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది. తర్వాత 25, 35, 45, ఐదేళ్లకు 50 శాతం. దీన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. ఒక్క చిన్న క్లెయిమ్‌తో మళ్లీ సున్నా దగ్గరికి వస్తారు. రెండు వేల రిపేరుకు నాన్న ఐదేళ్ల బోనస్ పోగొడితే ఇంట్లో ఏం వినాల్సొస్తుందో మీకే తెలుసు. గడువు దాటి 90 రోజుల్లో రెన్యూవల్ చేయకపోయినా ఈ బోనస్ పోతుంది.

నాలుగు: సెకండ్ హ్యాండ్ కారు కొంటే, 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్పించుకోండి. లేకపోతే మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ దగ్గర చిక్కులే. బాబాయ్ ఈ పని మాత్రం వారంలోనే చేశాడు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. అది బండితో కాదు, మనిషితో వెళ్తుంది.

నానక్‌రామ్‌గూడలో ఏమనుకుంటున్నారు?

దేశం మొత్తం ఇన్సూరెన్స్‌కు నియమాలు రాసే ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన ఊళ్లోనే ఉంది, నానక్‌రామ్‌గూడలో. 2022 జులైలో అది ఓన్ డ్యామేజ్ కవర్‌కు కొత్త యాడ్ ఆన్‌లను అనుమతించింది. ఒకటి ‘పే యాజ్ యూ డ్రైవ్’. ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అంత. ఇంకోటి ‘పే హౌ యూ డ్రైవ్’. ఎలా నడిపితే అలా. సడన్ బ్రేకులు, ఓవర్ స్పీడ్.. ఫోన్ యాప్ ద్వారానో, కారులో పెట్టే పరికరంతోనో చూసి రేటు కడతారు. బ్రిటన్‌లో కుర్ర డ్రైవర్ల కార్లకు ‘బ్లాక్ బాక్స్’ పేరుతో ఇది ఎప్పటి నుంచో ఉంది.

ఈ పద్ధతిలో వయసు కాదు, నడిపే తీరు ముఖ్యం. జాగ్రత్తగా నడిపే 19 ఏళ్ల అమ్మాయి, దూకుడుగా నడిపే 45 ఏళ్ల అంకుల్ కంటే తక్కువ కట్టొచ్చు. న్యాయమైన లెక్క ఇదేనేమో అనిపిస్తుంది. మీ ప్రయాణాల వివరాలన్నీ కంపెనీకి తెలియడం మీకు ఇష్టమా లేదా అన్నది మాత్రం మీరే తేల్చుకోవాలి.

ఎల్ బోర్డు

ఇదంతా జరిగి నాలుగు నెలలు దాటింది. ఆ రోజు సాయంత్రం బాబాయ్ కారు తాళాలు టీవీ పక్కన హుక్కు మీంచి తీసి బీరువాలో పెట్టాడు. చిన్నోడు రెండు రోజులు అలిగాడు. పిన్ని ‘‘పాలు నడిచి పోయి తెచ్చుకుంటే కాళ్లరగవు’’ అంది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పోయిన నెల వాడికి 18 నిండాయి. కేక్ కోసిన మర్నాడే లెర్నర్ లైసెన్స్‌కు స్లాట్ బుక్ చేసుకున్నాడు. తిరుమలగిరి ఆర్టీఏ ఆఫీసులో పరీక్ష పాసై, లైసెన్స్ కాపీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. పదో తరగతి మార్కులకు కూడా అన్ని లైకులు రాలేదు. అది ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాక అసలు పరీక్షకు వెళ్లొచ్చు.

మొన్న ఆదివారం మళ్లీ అదే టీ కొట్టు దగ్గర ఉన్నా. అదే తెల్ల స్విఫ్ట్ మెల్లగా వచ్చింది. ఈసారి ముందూ వెనకా ఎర్రటి ‘ఎల్’. పక్క సీట్లో బాబాయ్, చెయ్యి హ్యాండ్ బ్రేక్ మీదే ఉంది. చిన్నోడు ఇండికేటర్ వేసి, అద్దం చూసుకుని ఆపాడు.

‘‘ఎట్లుంది అన్నా?’’ అన్నాడు.

నేను చెప్పేలోపే బాబాయ్ అన్నాడు. ‘‘ఇంజిన్ రెండు సార్లు ఆగింది. మూడు సార్లు హారన్ తిన్నాం. అయినా ఫర్వాలేదురా, ఇప్పుడు నిజంగా ఇన్సూరెన్స్ ఉంది.’’